బాప్తిస్మానికి ముందే పోయిన బిడ్డ

పల్లెల్లో పసిబిడ్డ చనిపోతే పాడె కట్టరు. తెల్లబట్టలో చుట్టి తండ్రో మేనమామో చేతుల మీదే తీసుకుపోతారు. ఓరుగల్లు చుట్టుపక్కల ఊళ్ళలో సాధారణంగా ఏ మతంవారైనా పసికందును కాల్చరు, పాతిపెడతారు. కాబట్టి ఆ కొద్దిసేపు క్రైస్తవ కుటుంబం చేసే పనికీ పొరుగింటివారు చేసే పనికీ పెద్ద తేడా కనిపించదు. తేడా తరవాత వచ్చే ప్రశ్నలో ఉంటుంది. మట్టి కప్పి అందరూ ఇంటికి చేరాక, గోడకు ఆనుకుని కూర్చున్న తల్లి, ప్రార్థన చేయడానికి వచ్చిన పాస్టరు గారిని అడుగుతుంది: "బాప్తిస్మం కాకముందే పాయె. ఇప్పుడు నా బిడ్డ యాడుంటది అయ్యగారూ?"

ఈ ప్రశ్నకు క్రైస్తవ మతం ఇచ్చే జవాబు ఒక్కటి కాదు. ఉత్తర తెలంగాణలో ఆ జవాబులన్నీ ఒకే ఇంటి వాకిట్లో వినబడే అవకాశం కూడా ఉంది. కాజీపేట ఫాతిమానగర్‌లోని కథెడ్రల్ కేంద్రంగా 1952లో ఏర్పడిన వరంగల్ కతోలిక మేత్రాసనం (బిషప్పు పాలనలోని మండలం) ఒక సంప్రదాయం. 19వ శతాబ్ది చివరి పాదంలో హన్మకొండకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు నాటిన సంఘాలది మరొకటి. భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్పు వి.ఎస్. అజరయ్య 1912 నుంచి నడిపిన దోర్నకల్ అధ్యక్ష మండలం ఇంకొకటి. కరీంనగర్, మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు పనిచేశారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ భారత సంఘం ఏర్పడినప్పుడు ఆంగ్లికన్, మెథడిస్టు ధారలు అందులో కలిశాయి. వీటికి తోడు ఊరూరా వెలసిన పెంతెకొస్తు సహవాసాలు ఉన్నాయి. అమ్మమ్మ ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక), నాన్నమ్మ బాప్టిస్టు, కోడలు పెళ్ళయ్యాక వెళ్తున్నది స్వతంత్ర ప్రార్థనా మందిరం అన్న కుటుంబాలు ఇక్కడ కొత్త కాదు. బిడ్డ పోయిన ఇంట్లో ఈ ముగ్గురూ ఒకే చాప మీద కూర్చుంటారు. ఒకరు జ్ఞానస్నానం (బాప్తిస్మానికి కతోలికులు వాడే మాట) ఆలస్యమైందని కుమిలిపోతారు. మరొకరు పసిబిడ్డకు పాపమెక్కడిదని అంటారు. ఇంకొకరు దేవుని చిత్తమని ఊరుకుంటారు.

శిశు మరణాలు ఇప్పుడు బాగా తగ్గాయి. నమూనా నమోదు వ్యవస్థ లెక్కల ప్రకారం 2020లో తెలంగాణలో వెయ్యి సజీవ జననాలకు 21 మంది శిశువులు ఏడాది నిండకముందే చనిపోయారు. తాతల కాలంలో ఇంటికి ఒకరిద్దరు పోవడం మామూలు సంగతి. అయితే తక్కువమంది పోతున్నందువల్ల పోయిన ఇంటి దుఃఖం తగ్గదు. అందరి ఇళ్ళలోనూ జరిగే కాలంలో ఆ దుఃఖాన్ని పంచుకునేవారు నలుగురుండేవారు. ఇప్పుడు ఆ తల్లి ఒంటరి.

బిడ్డ ఎక్కడుందన్న ప్రశ్న వెనుక మరో ప్రశ్న ఉంది. బిడ్డ దేవుని దగ్గరుందని అంటే, ఏ ఆధారంతో అంటున్నట్లు? పాపం లేదు గనుకనా, పాపం ఉన్నా క్షమించబడింది గనుకనా, జ్ఞానస్నానం అందింది గనుకనా, తల్లిదండ్రులు విశ్వాసులు గనుకనా? చివరి జవాబులో సంఘాలు నేడు చాలావరకు దగ్గరగా వచ్చాయి. ఆధారం విషయంలో మాత్రం దూరంగానే ఉన్నాయి. ఆ దూరాన్ని పండితుల గొడవ అనుకోవడానికి వీల్లేదు. ఆధారం ఏదని చెబుతామన్న దాన్నిబట్టే ఆ తల్లి తనను తాను నిందించుకోవాలా వద్దా అన్నది తేలుతుంది.

బైబిలులో ఈ ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే వాక్యం లేదు. ఉన్నవన్నీ మరో సందర్భంలో చెప్పిన మాటలే. ఆదరణ కూడికల్లో అందరికన్నా ఎక్కువగా వినిపించేది దావీదు మాట. బత్షెబకు పుట్టిన బిడ్డ జబ్బుపడితే దావీదు ఉపవాసముండి నేలమీద పడి ప్రార్థిస్తాడు. ఏడవ దినాన బిడ్డ చనిపోతాడు. సేవకులు ఆ మాట చెప్పడానికి భయపడతారు. దావీదు మాత్రం లేచి స్నానం చేసి భోజనానికి కూర్చుని, "నేను వానియొద్దకు పోవుదును గాని వాడు నాయొద్దకు మరల రాడు" అంటాడు. రెండవ సమూయేలు పన్నెండవ అధ్యాయంలోని ఈ వాక్యాన్ని పట్టుకుని, దావీదు దేవుని దగ్గరకు వెళ్తాడు గనుక బిడ్డా అక్కడే ఉన్నట్లు అని బోధకులు వివరిస్తారు. పెద్దయ్యాక తిరుగుబాటు చేసి చనిపోయిన అబ్షాలోము విషయంలో దావీదు ఇలాంటి నిబ్బరం చూపలేదనీ, నా కుమారుడా అని గుండెలవిసేలా ఏడ్చాడనీ, ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడమనీ అంటారు. ఈ పోలికలో బలముంది. కానీ పాత నిబంధన కాలపు మనిషి "వానియొద్దకు పోవుదును" అంటే, నేనూ చచ్చి సమాధికే పోతానన్న అర్థం మాత్రమే ఉండవచ్చునని కూడా ఒప్పుకోవాలి. ఒక్క వాక్యం మీద సిద్ధాంతాన్నంతా నిలబెట్టలేం.

ఈ వాక్యంతో మరో ఇబ్బంది ఉంది, దాన్ని గమనించే బోధకులు తక్కువ. అదే అధ్యాయంలో, కొద్ది వచనాల పైన, దావీదు చేసిన పాపం వల్లనే బిడ్డ చనిపోతాడని నాతాను ప్రవక్త చెబుతాడు. ఓదార్పు కోసం ఇరవై మూడో వచనం చదివి వెళ్ళిపోయాక, రాత్రి నిద్రపట్టని తండ్రి అదే పుట తెరిచి పద్నాలుగో వచనం చదువుతాడు. ఎవరి పాపం తగిలిందోనని వీధిలో పొరుగువారు అప్పటికే గుసగుసలాడి ఉంటారు. పూర్వజన్మ కర్మ అన్న వివరణ చుట్టూ గాలిలా ఉన్న సమాజంలో, క్రైస్తవుడు దాన్ని నమ్మకపోయినా దాని బరువును మోస్తూనే ఉంటాడు. అటువంటి ఇంట్లో దావీదు కథ చదివితే కర్మ సిద్ధాంతం బైబిలు బట్టలు కట్టుకుని వచ్చినట్లవుతుంది. అందుకే ఆ అధ్యాయం చదివే బోధకుడు యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం కూడా చదవడం అవసరం. పుట్టుగుడ్డివాణ్ని చూసి వీడు పాపం చేశాడా, వీని కన్నవారు చేశారా అని శిష్యులు అడిగితే, వీడైనా వీని కన్నవారైనా కాదని యేసు ఆ ప్రశ్ననే తోసిపుచ్చాడు. దావీదు విషయంలో దేవుడు ప్రవక్తను పంపి కారణం చెప్పాడు. ప్రవక్త రాని ఇంట్లో కారణం ఊహించే హక్కు ఎవరికీ లేదు.

మిగిలిన వాక్యాలు రెండు వైపులకూ లాగుతాయి. ద్వితీయోపదేశకాండం మొదటి అధ్యాయంలో, తిరుగుబాటు చేసిన తరమంతా అరణ్యంలో రాలిపోయినా, మంచిచెడ్డలు ఎరుగని వారి పిల్లలు వాగ్దాన దేశంలో ప్రవేశిస్తారని దేవుడు అంటాడు. యోనా గ్రంథం చివరలో నీనెవెను ఎందుకు కనికరించకూడదని అడుగుతూ, కుడి యెడమలు ఎరుగని లక్షా ఇరవై వేలకు పైగా జనం అక్కడున్నారని గుర్తుచేస్తాడు. వారంతా పసిపిల్లలేనని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. లూకా సువార్తలో యేసు దగ్గరకు తెచ్చింది నడిచివచ్చే పిల్లలను కాదు, ఒళ్ళో ఎత్తుకొచ్చిన శిశువులను. దేవుని రాజ్యం ఇలాంటివారిదే అన్నది ఆ శిశువులను చూసి అన్న మాట. ఇటుపక్క యాభై ఒకటో కీర్తన ఉంది: తల్లి గర్భంలో పడినప్పటి నుంచే పాపంలో ఉన్నానని దావీదు ఒప్పుకుంటాడు. నీటివలన, ఆత్మవలన జన్మించనివాడు దేవుని రాజ్యంలో ప్రవేశించలేడని యేసు నికొదేముతో అన్నాడు. ఆదాము ఒక్కని వల్ల మరణం అందరికీ వచ్చిందని పౌలు రాశాడు.

ఈ చివరి వాక్యం, అంటే రోమా పత్రిక 5:12, మీదే పశ్చిమ దేశాల వేదాంతమంతా నడిచింది. అందులో తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. "మనుష్యులందరు పాపము చేసినందున మరణము అందరికిని సంప్రాప్తమాయెను" అని మన తెలుగు బైబిలు అంటుంది. గ్రీకు మూలంలోని కారణార్థానికి ఇది సరిపోతుంది. కానీ ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగరపు బిషప్పు అగస్టీను (354–430) చదివిన లాటిన్ అనువాదాన్ని "అతనియందు అందరూ పాపం చేశారు" అని అర్థం చేసుకోవడానికి వీలుండేది. ఆదాము పాపం చేసినప్పుడు మనమందరం అతనిలో ఉండి పాపం చేశాం, కాబట్టి ఆ దోషం ప్రతి శిశువుకూ పుట్టుకతోనే ఉంటుంది అని అగస్టీను తీర్మానించాడు. మనిషి ఆదాము నుంచి దోషాన్ని పొందడు, చెడ్డ మాదిరిని మాత్రమే పొందుతాడు అన్న పెలాగియుస్ వాదాన్ని ఖండించే తీవ్రతలో ఈ తీర్మానం మరింత బిగుసుకుంది. జ్ఞానస్నానం లేకుండా చనిపోయిన శిశువుకు శిక్ష తప్పదన్నాడు. అయితే అది అన్ని శిక్షలలోకీ అతి తేలికైనదని కూడా చెప్పాడు. ఆయన కన్నా రెండు వందల ఏళ్ళ ముందు అదే ఉత్తర ఆఫ్రికాలో తెర్తుల్లియను అనే క్రైస్తవ రచయిత, అమాయకమైన వయసులో పాపక్షమాపణ కోసం తొందరెందుకని అడిగి బాప్తిస్మం ఆలస్యం చేయమని సలహా ఇచ్చాడు. గ్రీకు మాట్లాడే తూర్పు సంఘాలు మాత్రం ఆదాము నుంచి మనకు వచ్చింది మరణమూ బలహీనతా గాని వ్యక్తిగత దోషం కాదన్న వైపే మొగ్గాయి. అందువల్ల ఆర్థొడాక్స్ క్రైస్తవులను ఈ ప్రశ్న అగస్టీను వారసులను పీడించినంతగా పీడించలేదు.

అగస్టీను చెప్పినది కఠినమని మధ్యయుగపు వేదాంతులకే అనిపించింది. జన్మపాపానికి ఫలితం దైవదర్శనం లేకపోవడమే తప్ప అగ్నిబాధ కాదని మూడవ ఇన్నొసెంట్ పోపు 13వ శతాబ్ది ఆరంభంలో రాశాడు. థామస్ అక్వినాస్ (1225–1274) దానికి మరింత మెత్తని రూపమిచ్చాడు. అటువంటి శిశువులు ఉండే చోటుకు లింబో అని పేరు. లాటిన్‌లో ఆ మాటకు అంచు అని అర్థం. నరకపు అంచున, కానీ బాధ లేకుండా, సహజమైన ఆనందంతో, తాము పోగొట్టుకున్నది ఏమిటో తెలియకుండా ఆ శిశువులు ఉంటారని అక్వినాస్ వివరించాడు. ఇదొక దయగల ఊహ, దీని వెనుక ఉన్న మంచి మనసును కాదనలేం. కానీ బిడ్డ బాధపడడం లేదని తెలిసినా, నేను పోయే చోట నా బిడ్డ ఉండదని తెలిసిన తల్లికి దానివల్ల ఎంత ఊరట? ఫ్రాన్సు వంటి దేశాల్లో చచ్చి పుట్టిన బిడ్డలను కొన్ని పుణ్యక్షేత్రాలకు మోసుకుపోయి, ఒక్క క్షణం ఊపిరి కదిలినట్లు కనిపించినా చాలు, జ్ఞానస్నానం ఇప్పించి పాతిపెట్టేవారు. 18వ శతాబ్దంలో రోమ్ ఈ ఆచారాన్ని ఖండించాల్సి వచ్చింది. ఐర్లండ్‌లో జ్ఞానస్నానం లేని శిశువులను ప్రతిష్ఠిత శ్మశానంలోకి రానిచ్చేవారు కాదు. చేను గట్ల మీదో పాడుబడ్డ గుడి పక్కనో రాత్రివేళ పాతిపెట్టేవారు. సిద్ధాంతం పుస్తకంలో ఎంత మెత్తగా రాసుకున్నా పల్లెలోని తల్లి దగ్గరకు చేరేసరికి ఇలా మారింది.

లింబో ఎన్నడూ కతోలిక శ్రీసభ నిర్ణయించిన విశ్వాస సత్యం కాలేదు. వేదాంతుల అభిప్రాయంగానే ఉండి, ఉపదేశుల ద్వారా ఊళ్ళకు చేరింది. మన వైపు కూడా పాత తరం కతోలికులు చాలామంది దాన్ని సత్యోపదేశంలో భాగమనే అనుకుంటూ పెరిగారు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 1261వ పేరాలో లింబో మాటే లేదు. జ్ఞానస్నానం లేకుండా మరణించిన పిల్లలను దేవుని కనికరానికి అప్పగించడం తప్ప శ్రీసభ మరేమీ చేయజాలదనీ, అందరూ రక్షణ పొందాలన్న దేవుని కోరిక, చిన్నపిల్లల పట్ల క్రీస్తు చూపిన వాత్సల్యం మనకు ఆశనిస్తాయనీ అక్కడుంది. కొంచెం ముందు 1257వ పేరాలో, దేవుడు రక్షణను జ్ఞానస్నాన సంస్కారంతో ముడివేసినా, తాను మాత్రం తన సంస్కారాలకు బందీ కాడని ఉంది. ఈ ఒక్క మాట శతాబ్దాల బిగువును సడలించింది. 2007లో వాటికన్‌కు చెందిన అంతర్జాతీయ వేదాంత సంఘం పదహారవ బెనెడిక్ట్ పోపు అనుమతితో ఒక సుదీర్ఘ పత్రం వెలువరించింది. జ్ఞానస్నానం లేకుండా చనిపోయే శిశువులు రక్షణ పొందుతారని ఆశించడానికి బలమైన కారణాలున్నాయని అందులో ప్రకటించింది. గమనించవలసింది, అది "ఆశ" అన్నదే గాని "నిశ్చయం" అనలేదు. ఆ తేడా కావాలని ఉంచినదే. దైవ వాక్యం సూటిగా చెప్పని చోట సంఘం తనంతట తాను నిశ్చయం ప్రకటించకూడదన్న వినయం అందులో ఉంది.

ప్రొటెస్టంటు వైపు కథ ఇంకోలా నడిచింది. సిద్ధాంతం రాసినవారిలో చాలామంది బిడ్డలను పాతిపెట్టిన తండ్రులే. ప్రొటెస్టంటు ఉద్యమానికి నాంది పలికిన జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ కుమార్తె ఎలిజబెత్ ఎనిమిది నెలల వయసులో, 1528లో చనిపోయింది. 1542లో పదమూడేళ్ళ మగ్దలేనాను కూడా పోగొట్టుకున్నాడు. అదే ఏడాది ఆయన, గర్భస్రావమైన, చచ్చి పుట్టిన బిడ్డలను కన్న తల్లుల ఓదార్పు కోసం ఒక చిన్న రచన చేశాడు. విశ్వాసురాలైన తల్లి మాటల్లో పెట్టలేని నిట్టూర్పును దేవుడు ప్రార్థనగా స్వీకరిస్తాడనీ, నీళ్ళు అందనంత మాత్రాన ఆ బిడ్డ నశించిందని అనుకోవద్దనీ చెప్పాడు. ఆ సంవత్సరమే జెనీవాలో మరో సంస్కర్త జాన్ కాల్విన్‌కు పుట్టిన ఒక్కగానొక్క కుమారుడు కొద్ది రోజులకే కన్నుమూశాడు. మంత్రసానుల చేత అత్యవసర బాప్తిస్మం ఇప్పించే ఆచారాన్ని కాల్విన్ తోసిపుచ్చాడు. విశ్వాసుల పిల్లలు పుట్టకముందే దేవుని నిబంధనలో (తన ప్రజతో దేవుడు చేసుకున్న ఒడంబడికలో) చేరి ఉన్నారు, బాప్తిస్మం ఆ సంగతికి ముద్ర మాత్రమే, ముద్ర పడకముందు చనిపోయినంత మాత్రాన నిబంధన చెల్లకుండా పోదు అన్నది ఆయన వాదన. ఎనిమిదో నాడు జరగవలసిన సున్నతికి ముందే చనిపోయిన ఇశ్రాయేలు శిశువులు దేవుని ప్రజ కాకుండా పోయారా అన్న ప్రశ్నకు ఈ వాదంలో జవాబు తేలిక. 1618–19లో నెదర్లాండ్స్‌లో కాల్విన్ బాట నడిచే సంఘాలు జరిపిన డార్ట్ మహాసభ, భక్తులైన తల్లిదండ్రులు పసితనంలో దేవుడు పిలుచుకున్న తమ పిల్లల ఎన్నికనూ (దేవుడు వారిని రక్షణకు ముందే ఎంచుకున్నాడన్న దాన్నీ) రక్షణనూ సందేహించకూడదని తీర్మానించింది.

ఈ తీర్మానంలో పెద్ద ఓదార్పుంది, పెద్ద ఖాళీ కూడా ఉంది. భక్తులైన తల్లిదండ్రుల పిల్లల సంగతి చెప్పింది. మిగతావారి పిల్లల మాటేమిటి? 1640లలో ఇంగ్లండ్‌లో రూపొందిన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రకటన "ఎన్నికైన శిశువులు" పసితనంలో చనిపోయినా క్రీస్తు ద్వారా రక్షింపబడతారని అంది. ఎన్నిక కాని శిశువులు ఉన్నారా అన్నది చెప్పలేదు. ఆ మౌనం మీద రెండున్నర శతాబ్దాలు వాదనలు జరిగాయి. చివరకు 1903లో అమెరికాలోని ప్రెస్బిటేరియన్ సంఘం, పసితనంలో చనిపోయిన వారెవరైనా నశించారని ఆ ప్రకటన బోధిస్తున్నట్లు భావించకూడదని స్పష్టం చేసింది. దోర్నకల్ వంటి ఆంగ్లికన్ మండలాలకు వారసత్వంగా వచ్చిన 1662 నాటి ప్రార్థనా గ్రంథంలోనూ ఇలాంటి మౌనమే ఉంది. బాప్తిస్మం పొంది పాపం చేయకముందే చనిపోయిన శిశువులు నిస్సందేహంగా రక్షింపబడ్డారని అది దేవుని వాక్యం సాక్షిగా చెబుతుంది. బాప్తిస్మం పొందనివారి గురించి ఏమీ చెప్పదు. పైగా వారికి ఆ గ్రంథంలోని సమాధి ఆరాధన క్రమాన్ని వాడకూడదంటుంది. తల్లి మనసు చెప్పినదాన్ని వదిలేసి చెప్పని చోటనే తిరుగుతుంది. మౌనం కూడా ఒక రకం తీర్పుగానే వినబడుతుంది.

మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ ఈ మౌనాన్ని పూడ్చాడు. ఆదాము దోషం కారణంగా ఏ శిశువూ నరకానికి పోలేదు, పోదు, ఎందుకంటే బిడ్డ లోకంలోకి వచ్చీరాగానే క్రీస్తు నీతి ఆ దోషాన్ని కొట్టివేస్తుంది అని 1776లో ఒక లేఖలో రాశాడు. 1784లో అమెరికా మెథడిస్టుల కోసం ఆంగ్లికన్ విశ్వాస సూత్రాలను కుదించినప్పుడు, జన్మపాపాన్ని గురించిన సూత్రంలో పుట్టిన ప్రతి మనిషీ దేవుని ఉగ్రతకు పాత్రుడన్న వాక్యాన్నే తీసేశాడు. ఇక్కడ సూక్ష్మమైన విషయముంది: వెస్లీ జన్మపాపం లేదనలేదు. రోగం ఉంది, వైద్యుడు ముందే వచ్చాడు అన్నాడు. బిడ్డ రక్షణకు ఆధారం బిడ్డ అమాయకత్వం కాదు, క్రీస్తు కృప. ఈ ఒక్క మలుపుతో విశ్వాసుల పిల్లలు, ఇతరుల పిల్లలు అన్న గోడ కూలిపోయింది. కృప అందరికీ ముందే అందితే ఎవరి ఇంట్లో పుట్టిన బిడ్డ అన్న ప్రశ్న మిగలదు.

బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలలో శిశువులకు బాప్తిస్మమే లేదు. తొట్టెల నాడో ఏదో ఒక ఆదివారమో బిడ్డను సంఘం ముందుకు తెచ్చి ప్రతిష్ఠ ప్రార్థన చేస్తారు. బాప్తిస్మం బిడ్డ ఎదిగి తన నోటితో ఒప్పుకున్నాకే. కాబట్టి బాప్తిస్మం ఆలస్యమైందన్న నేరభావం ఆ ఇంట్లో ఉండదు. అది ఆ సంప్రదాయంలోని పెద్ద మేలు. దాని బదులు మరో చిక్కు వస్తుంది: విశ్వసించినవాడే రక్షింపబడితే, విశ్వసించలేని శిశువు సంగతేమిటి? దానికి వారి జవాబు, లెక్క అప్పగించవలసిన వయసు. మంచిచెడ్డలు తెలిసి ఎంచుకునే తెలివి వచ్చేదాకా దేవుడు పాపాన్ని ఆ బిడ్డ మీద మోపడని చెబుతారు. పుట్టుకతో మానసిక ఎదుగుదల లేనివారికీ ఇదే వర్తిస్తుందని కూడా చెబుతారు. ఈ మాట లేఖనాల్లో ఎక్కడా ఇలాగే లేదు. ఆ వయసు ఏడా పన్నెండా అన్నది ఎవరూ తేల్చలేరు. ఏడేళ్ళ బిడ్డ చనిపోయిన ఇంట్లో, దొంగతనంగా బెల్లం తిని అబద్ధమాడిన రోజు గుర్తొచ్చి తల్లి వణికిపోతే, గీత ఎక్కడుందో చెప్పగల బోధకుడు లేడు. వయసును గీతగా భావించడం కన్నా, తెలుసుకున్న వెలుగునుబట్టే దేవుడు లెక్క అడుగుతాడన్న న్యాయంగా భావిస్తే ఈ బోధ నిలబడుతుంది.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా తగిలే ప్రశ్న ఇతరుల బిడ్డలది. అన్న క్రైస్తవుడు, తమ్ముడు కాడు. ఇద్దరి పిల్లలూ ఒకే తొట్టెలలో ఊగినవారు. తమ్ముడి బిడ్డ పోతే అన్న ఇంట్లో ఏమని ప్రార్థించాలి? 19వ శతాబ్దపు కతోలిక మిషనరీ ఉద్యమంలో దీనికి ఆచరణ రూపంలో ఒక జవాబుండేది. చావు బతుకుల్లో ఉన్న పరాయి పిల్లలకు బాప్తిస్మం ఇచ్చే పనికి తోడ్పడడానికి 1843లో ఫ్రాన్సులో హోలీ చైల్డ్‌హుడ్ సంఘం ఏర్పడింది. పిల్లలు పోగుచేసిన చిల్లర డబ్బు చైనా మొదలైన దేశాలకు వెళ్ళేది. వారిని నడిపించింది ప్రేమే. కానీ తల్లిదండ్రులకు తెలియకుండా బిడ్డ నుదుట నీళ్ళు చల్లడమంటే, ఆ నీళ్ళు పడకపోతే దేవుడు ఆ బిడ్డను చేర్చుకోడన్న భయం లోపల ఉన్నట్లే. 2007 నాటి పత్రం ఆ భయానికి ఆధారం లేకుండా చేసింది. వెస్లీ బాట నడిచేవారికీ, బాప్టిస్టులకూ ఆ భయం మొదటినుంచీ లేదు. నీనెవెలోని కుడి యెడమలు ఎరుగని జనం ఇశ్రాయేలీయులు కారు. దేవుడు వారిని కనికరించడానికి వారి తల్లిదండ్రుల మతం అడ్డు రాలేదు. తమ్ముడి బిడ్డ కోసం అన్న చేసే ప్రార్థనకు ఇంతకన్నా గట్టి ఆధారం అక్కర్లేదు.

ఈ వాదాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, అమాయకత్వాన్ని ఆధారం చేసుకున్న జవాబు వినడానికి మెత్తగా ఉన్నా పునాది బలహీనం. పసిబిడ్డకు రక్షకుడే అవసరం లేదన్నట్లు అవుతుంది కాబట్టి. జ్ఞానస్నానాన్నీ తల్లిదండ్రుల విశ్వాసాన్నీ ఒక్కటే ఆధారం చేసుకుంటే, దేవుని పనిని మనుషుల చురుకుదనం మీద వేలాడదీసినట్లవుతుంది. జ్ఞానస్నానంలో బిడ్డ తరఫున జ్ఞానతండ్రిగా నిలబడవలసిన మేనమామ దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చేదాకా ఆగుదామనుకున్నారు, ఈలోపు బిడ్డకు ఆయాసం వచ్చి రెండు రోజుల్లో పోయింది అన్న ఇళ్ళు కరీంనగర్, జగిత్యాల వైపు ఉండే అవకాశం బాగా ఉంది. విమానం టికెట్టు దొరకడం దొరకకపోవడం మీద ఒక ఆత్మ గతి ఆధారపడుతుందని ఏ సంఘమూ నేడు బోధించడం లేదు. కానీ బోధించడం లేదన్న సంగతి ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు. పాత ఉపదేశి చెప్పిన మాటే ఆమె చెవుల్లో ఉంది. శిశు రక్షణకు క్రీస్తు కృప ఒక్కటే ఆధారమన్న బోధ కతోలికులకూ మెథడిస్టులకూ బాప్టిస్టులకూ వారి వారి భాషల్లో ఇప్పటికే ఉంది. అది ప్రసంగ పీఠం మీదికి ఎక్కడమే తరువాయి, అదీ చావు లేని మామూలు ఆదివారం నాడు.

సమాధి దగ్గర మాట్లాడేటప్పుడు ఈ తేడా మరీ బయటపడుతుంది. దేవుడు తన తోటలో పువ్వు కావాలనుకుని కోసుకున్నాడు అన్న మాట మన ప్రసంగాల్లో తరచు వినిపిస్తుంది. ఇది మంచి మనసుతో చెప్పే మాటే గానీ లేఖనాల్లోది కాదు. దేవుణ్ని బిడ్డలను కోసుకునేవాడిగా చూపిస్తుంది. మరణాన్ని శత్రువని బైబిలు స్పష్టంగా అంటుంది. స్నేహితుడి సమాధి దగ్గర యేసు పువ్వుల మాటలేవీ చెప్పకుండా కన్నీళ్ళు విడిచాడు. జ్ఞానస్నానానికి ముందే మరణించిన బిడ్డ కోసం కతోలిక పూజా గ్రంథంలో 1970 నుంచి ప్రత్యేక ప్రార్థనలున్నాయి. వాటిలో ప్రారంభ ప్రార్థన ఏం అడుగుతుందో చూడదగ్గది. బిడ్డ గతి గురించి అది ఏమీ తేల్చదు. బిడ్డ మీద బెంగతో కుంగిపోయినవారిని విశ్వాసం ద్వారా నీ కనికరం మీది ఆశలోకి లేవనెత్తమని మాత్రమే అడుగుతుంది.

ఇంకా పేరు పెట్టని బిడ్డ పోతే సమాధుల నమోదు పుస్తకంలో "ఫలానావారి శిశువు" అని రాసి ఊరుకోవడం తేలిక. జ్ఞానస్నానం నాడే పేరు పలికే ఆచారం ఉన్న ఇళ్ళలో నీళ్ళతో పాటు పేరు కూడా అందకుండా పోతుంది. కానీ తొమ్మిది నెలలు మోసిన తల్లి మనసులో ఏదో ఒక పేరు అనుకునే ఉంటుంది. ఆ పేరేమిటని అడిగి, ఆ గడిలో రాసి, సమాధి దగ్గర ఆ పేరుతోనే బిడ్డను దేవునికి అప్పగించడానికి పైన చెప్పిన సిద్ధాంతాలలో ఏదీ అడ్డు చెప్పదు.